అధ్యాపకులు, కృత్రిమ మేధ: వాడుకను నిర్ణయించేది ఏమిటి?

ఈ నెల మాకు చేరిన ఉత్తరాల్లో అధికభాగం విశ్వవిద్యాలయ అధ్యాపకుల నుంచే వచ్చాయి. వారు బోధించే విషయాలు వేరైనా సందేహం ఒక్కటే. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన తరవాత కృత్రిమ మేధ (ఏఐ) ఎవరి అనుమతీ లేకుండానే తరగతి గదిలోకి వచ్చేసింది. దాన్ని కొందరు అధ్యాపకులు అందిపుచ్చుకున్నారు, కొందరు దూరం పెట్టారు, ఇంకొందరు వాడుతూ కూడా ఆ సంగతి బయటికి చెప్పడం లేదు. ఈ తేడాలు ఎందుకు వస్తున్నాయో తెలుసుకోవాలన్న కోరిక ఉత్తరాలన్నిటిలో కనిపించింది. వాటిని కొంత కుదించి, జవాబులతో ఇస్తున్నాం.

ప్రశ్న: మా విశ్వవిద్యాలయం అధ్యాపకులందరి తరఫునా ఒక ఏఐ సాధనానికి చందా కట్టి, ఒకరోజు శిక్షణ కూడా ఇచ్చింది. సెమిస్టరు ముగిసేసరికి మా విభాగంలో దాన్ని క్రమంగా వాడుతున్నవారు కొద్దిమందే మిగిలారు. పెద్ద వయసువారు కొత్తదాన్ని చూసి జంకుతున్నారని పై అధికారులు అంటున్నారు. నిజంగా వయసే కారణమా? – ఒక విభాగాధిపతి

జవాబు: వయసే కారణమని తేల్చేయడం తొందరపాటు. పైగా అలా తేల్చేస్తే సంస్థ చేయవలసిన పని కనబడకుండా పోతుంది.

ఉద్యోగులు కొత్త సాంకేతికతను ఎప్పుడు స్వీకరిస్తారన్న విషయంపై ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగానికి నేటికీ పునాదిగా ఉంది. ఆయన రెండు నమ్మకాలను కొలిచాడు. ఈ సాధనం వల్ల నా పని మెరుగవుతుందన్నది మొదటిది. దీన్ని వాడటం పెద్ద శ్రమ కాదన్నది రెండోది. రెండింటికీ వాడుకతో సంబంధం ఉన్నా, మొదటి నమ్మకానికున్న సంబంధం రెండోదానికన్నా గట్టిదని తేలింది. పనికొస్తుందని తోస్తే మనుషులు కొంత కష్టానికైనా ఓర్చుకుంటారు. పనికిరాదని తోస్తే ఎంత సులువైనదాన్నైనా పక్కన పెడతారు. మీ ఒకరోజు శిక్షణను ఈ కోణం నుంచి ఒకసారి చూడండి. అటువంటి శిక్షణల్లో సాధారణంగా ఖాతా ఎలా తెరవాలో, ప్రశ్న ఎలా అడగాలో, ఫైలు ఎలా జతచేయాలో చూపిస్తారు. అంటే సాధనం ఎంత సులువో చెప్పి ఊరుకుంటారు. అది తన పనిలో ఎక్కడ ఉపయోగపడుతుందో ప్రతి అధ్యాపకుడూ సొంతంగా కనిపెట్టుకోవలసి వస్తుంది. ఉష్ణగతిశాస్త్రం బోధించే ఆయనకూ, రాజ్యాంగ న్యాయం బోధించే ఆవిడకూ ఒకే ఉదాహరణలు చూపిస్తే అవి ఇద్దరిలో ఎవరికీ దగ్గరగా అనిపించవు.

ఇక వయసు సంగతి. విశ్వనాథ్ వెంకటేశ్, మరి ముగ్గురు పరిశోధకులు కలిసి అప్పటికి వాడుకలో ఉన్న ఎనిమిది సిద్ధాంతాలను పోల్చి, 2003లో ఒక ఉమ్మడి నమూనాను ప్రతిపాదించారు. ఆ నమూనాలో వాడుకను నడిపించేవి నాలుగు: పనిలో మేలు కలుగుతుందన్న ఆశ, ఎంత శ్రమ పడాలన్న అంచనా, తమకు ముఖ్యులైనవారి అభిప్రాయం, సంస్థ నుంచి అందే తోడ్పాటు. వయసు, లింగం, అనుభవం, వాడటం ఐచ్ఛికమా కాదా అన్నవి ఈ నాలుగింటి ప్రభావాన్ని పెంచేవిగానో తగ్గించేవిగానో మాత్రమే కనిపించాయి. మీకు పనికొచ్చే విశేషం ఏమిటంటే, అడిగినప్పుడు సాయం దొరకడం, అవసరమైన వనరులు ఉండటం వంటి తోడ్పాటు అసలు వాడుకపై చూపే ప్రభావం పెద్ద వయసువారిలో, అందులోనూ అనుభవం ఉన్నవారిలో, మరింత బలంగా ఉందని వారు గుర్తించారు. అందువల్ల సీనియర్ అధ్యాపకులు వాడటం లేదంటే ముందుగా అడగవలసింది వారి వయసు గురించి కాదు, వారికి చిక్కు వచ్చినప్పుడు పక్కన ఎవరున్నారన్నది.

వీటన్నిటికన్నా బరువైనదని నేను నమ్మే కారణం ఇంకొకటి ఉంది, అది సమయం. ఒక అసైన్‌మెంట్‌ను ఏఐ ఉన్న కాలానికి తగ్గట్టు మార్చాలంటే, పాత ప్రశ్నను సాధనానికి ఇచ్చి అది ఎలా రాస్తుందో చూడాలి, ప్రశ్నను మళ్లీ కూర్చాలి, మార్కుల పద్ధతిని సవరించాలి, విద్యార్థులకు ఏది అనుమతో ఏది కాదో విడమరచి చెప్పాలి, వచ్చిన పత్రాలను కొత్త దృష్టితో దిద్దాలి. ఏఐ పనిని తగ్గిస్తుందని చెబుతారు కానీ మొదటి సెమిస్టరులో అది పనిని పెంచుతుంది. దక్కే ఆదా ఏదైనా ఆ తరవాతే. పదోన్నతులు పరిశోధన పత్రాల లెక్కపైనే ఆధారపడినచోట, పాఠాన్ని తిరిగి రూపొందించడానికి వెచ్చించిన గంటలు ఏ లెక్కలోకీ రావు. అటువంటి చోట అధ్యాపకుడు ఆ శ్రమకు వెనకాడితే దాన్ని భయం అనడం న్యాయం కాదు. అతడు తన పరిస్థితిని సరిగ్గానే అంచనా వేశాడు.

పెగ్గీ ఎర్ట్‌మర్ 1999లో ఈ అడ్డంకులను రెండు తరగతులుగా విడదీసింది. పరికరాలు, శిక్షణ, సమయం, సహాయం కొరవడటం బయటి అడ్డంకులు. బోధన అంటే ఏమిటి, విద్యార్థి ఎలా నేర్చుకుంటాడు అన్నవాటిపై ఉన్న నమ్మకాలు లోపలి అడ్డంకులు. చందా కట్టడంతో బయటి అడ్డంకుల్లో ఒకటి మాత్రమే తొలగింది. తరువాతి విభాగ సమావేశంలో సాధనం గురించి ఉపన్యాసం పెట్టించకండి. మీ సహోద్యోగుల్లో ఇద్దరిని తమ సొంత కోర్సులోని ఏదో ఒక పనిని, అది ప్రశ్నపత్రం ముసాయిదా కావచ్చు, ప్రయోగశాల సూచనలు కావచ్చు, ఏఐతో ఎలా చేశారో, ఎక్కడ విఫలమయ్యారో చూపమని అడగండి. విఫలమైన చోటు తప్పకుండా చూపాలి, ఎందుకంటే తోటివారి నమ్మకం అక్కడే కుదురుతుంది. దాంతోపాటు, కోర్సును మార్చుకోవడానికి ముందుకొచ్చినవారికి ఆ సెమిస్టరులో వేరే బాధ్యత ఒకటి తగ్గించమని పై అధికారులను కోరండి.

ప్రశ్న: నేను చరిత్ర బోధిస్తాను. విద్యార్థి మూలపత్రాలను తానే చదివి, తడబడి, తన వాదనను తానే కట్టుకోవడమే చదువని నా నమ్మకం. అందుకే ఏఐ వాడను, వాడనివ్వను. నేను వెనకబడిపోయానని సహోద్యోగులు అంటున్నారు. నా వైఖరి తప్పా? – ఒక ఆచార్యురాలు

జవాబు: తప్పు కాదు. మీరు చెప్పిన కారణం బోధన లక్ష్యానికి సంబంధించినది. అటువంటి కారణంతో సాధనాన్ని పక్కన పెట్టడం విద్వత్తు ఉన్నవారు చేసే పనే.

నూతన ఆవిష్కరణలు సమాజంలో ఎలా వ్యాపిస్తాయో 1962లో వివరించిన ఎవరెట్ రోజర్స్, కొత్తది ఎంత త్వరగా స్వీకృతమవుతుందో నిర్ణయించే గుణాలు ఐదని చెప్పాడు: పాతదానికన్నా మెరుగుదల, స్వీకరించేవారి విలువలతో పొందిక, సంక్లిష్టత, కొద్దిగా ప్రయత్నించి చూసే వీలు, ఫలితం నలుగురికీ కనబడటం. మీ విషయంలో అడ్డుపడుతున్నది రెండోది, విలువలతో పొందిక. స్వీకరించేవారిని ఆయన మొదటి 2.5 శాతం నుంచి చివరి 16 శాతం దాకా ఐదు వర్గాలుగా చేసిన విభజన బాగా ప్రచారంలోకి వచ్చింది. కానీ కొత్తది ఏదైనా అందరూ స్వీకరించాలి, త్వరగా స్వీకరించాలి అన్న ముందస్తు అభిప్రాయం ఈ తరహా పరిశోధనల్లో దాగి ఉందని రోజర్స్ స్వయంగా తరవాతి కాలంలో చర్చించాడు. మీ సహోద్యోగులు మీపై వేస్తున్న ముద్రలో ఉన్నదీ ఆ అభిప్రాయమే.

యంత్రాలకు పని అప్పగించే విషయంలో రాజా పరశురామన్, విక్టర్ రైలీ 1997లో చేసిన విభజన నాకు ఇంకా ఉపయోగకరంగా తోస్తుంది. తగినంత వాడటం ఒకటి. అతిగా నమ్మి వాడటం రెండోది. పనికొచ్చేచోట కూడా అపనమ్మకంతో వదిలేయడం మూడోది. మనుషుల పనిపై పడే ప్రభావాన్ని ఆలోచించకుండా పైనున్నవారు యంత్రాన్ని ప్రవేశపెట్టడం నాలుగోది. విశ్వవిద్యాలయాల్లో చర్చ అంతా మూడోదాని చుట్టూ, అంటే వాడనివారి చుట్టూ తిరుగుతోంది. రెండోదీ నాలుగోదీ చేసే హాని అంతకన్నా తక్కువేమీ కాదు.

ఇంత చెప్పాక, మిమ్మల్ని ఒక విషయం ఆలోచించమని కోరుతాను. మీ అభ్యంతరం వాదన నిర్మాణానికి వర్తిస్తుంది. చేతిరాత పత్రాలను అక్షరాల్లోకి మార్చడానికి, వందల పుటల సూచిక తయారు చేసుకోవడానికి, సెమినారు షెడ్యూలు వేసుకోవడానికి కూడా అదే అభ్యంతరం వర్తిస్తుందా? చేతిరాతను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను చరిత్రకారులు చాలామంది ఇప్పటికే వాడుతున్నారు. వద్దన్న నిర్ణయం పనిని బట్టి ఉంటే దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. మరొకటి, మీరు వాడకపోయినా మీ విద్యార్థులకు అది అందుబాటులోనే ఉంటుంది కాబట్టి, అది మీ ప్రశ్నలకు ఎలాంటి వ్యాసం రాస్తుందో ఒక్కసారైనా చూసి ఉండటం అవసరం. నిషేధానికి కారణాన్ని కోర్సు మొదట్లోనే, ఇప్పుడు నాకు రాసినంత స్పష్టంగా వారికీ చెప్పండి. కారణం తెలిసిన నియమానికి గౌరవం దక్కే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: పరిశోధన పత్రాల జాబితా అడిగితే ఏఐ లేని పత్రాలను ఉన్నట్టు చూపించింది. ఆ రోజు నుంచి దాన్ని ముట్టుకోలేదు. ఇది అతిగా స్పందించడమా? – జీవశాస్త్ర అధ్యాపకుడు

జవాబు: ఆ పనికి సంబంధించినంతవరకు మీరు చేసింది సరైనదే. ఇటువంటి ఏఐ సాధనాల వెనక పనిచేసే భాషా నమూనా అంతవరకు ఉన్న పదాలను బట్టి తరువాత రాదగిన పదాన్ని అంచనా వేస్తూ వాక్యం కడుతుంది. నిజమైన పత్రం శీర్షిక ఎలా ఉంటుందో దానికి బాగా తెలుసు కాబట్టి, లేని పత్రానికి కూడా నమ్మదగిన శీర్షిక, రచయితలు, సంవత్సరం కూర్చగలదు. వెతుకుడు యంత్రాన్ని (సెర్చ్ ఇంజిన్) జోడించిన సాధనాల్లో ఈ సమస్య తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పత్రం నిజమైనదే అయినా అందులో లేని మాటను దానికి అంటగట్టే ప్రమాదం మిగిలే ఉంటుంది.

అయితే ఒక పనిలో కనబడిన దోషం అన్ని పనులపైనా అపనమ్మకంగా మారడం మనుషుల్లో తరచుగా జరుగుతుంది. అంచనాలు వేసే గణన పద్ధతి తప్పు చేయడం ఒకసారి కళ్లారా చూసినవారు, అది మొత్తం మీద మనిషికన్నా మెరుగ్గా పనిచేస్తున్నా, దాన్ని వదిలి మనిషి అంచనానే ఎంచుకుంటారని బర్కిలీ డైట్‌వార్స్ట్, ఆయన సహపరిశోధకులు 2015లో చూపించారు. తోటి మనిషి చేసిన తప్పును మనం క్షమించినంత త్వరగా యంత్రం తప్పును క్షమించం. జాన్ లీ, కత్రీనా సీ 2004లో ప్రతిపాదించిన కొలత ఇక్కడ సరిపోతుంది: సాధనంపై నమ్మకం దాని అసలు సామర్థ్యానికి సమానంగా ఉండాలి. ఎక్కువైతే మోసపోతాం, తక్కువైతే దొరికే సాయాన్ని పోగొట్టుకుంటాం.

ఆచరణలో నేను సూచించే పద్ధతి ఇది. ఏ పని అప్పగించినా, వచ్చిన ఫలితాన్ని సరిచూసుకోవడానికి పట్టే సమయం ఆ పనిని మీరే చేయడానికి పట్టే సమయంకన్నా బాగా తక్కువగా ఉందా అని చూడండి. మీకు కరతలామలకమైన అధ్యాయంపై పది బహుళైచ్ఛిక ప్రశ్నలు రాయించుకుంటే, అందులో తప్పును మీరు చూడగానే పట్టేస్తారు. పరిచయం లేని ఉపరంగంలో సాహిత్య సమీక్ష రాయించుకుంటే ప్రతి వాక్యాన్నీ మూలంతో పోల్చుకోవలసి వస్తుంది, అప్పుడు ఆదా ఏమీ మిగలదు. ఏఐ వాడుకలో విభాగానికీ విభాగానికీ మధ్య కనిపించే తేడాకు ఒక ముఖ్య కారణం ఇదే. రాసిన ప్రోగ్రామును నడిపి చూడవచ్చు; కవితకు చెప్పిన వ్యాఖ్యానాన్ని అలా నడిపి చూడలేం.

ప్రశ్న: ప్రశ్నపత్రాలు తయారుచేయడానికి, విద్యార్థుల జవాబులపై వ్యాఖ్యలు రాయడానికి నేను ఏఐ వాడుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా విశ్వవిద్యాలయంలో స్పష్టమైన నియమం లేదు. తెలిస్తే సోమరితనం అంటారేమో, చివరికి క్రమశిక్షణ చర్య అంటారేమో అని భయంగా ఉంది. – ఒక సహాయ ఆచార్యులు

జవాబు: మీ భయం వ్యక్తిగతమైనదే కాక సంస్థ తన నియమాన్ని చెప్పకపోవడం వల్ల కూడా పుట్టింది. మొదటి జవాబులో చెప్పిన వెంకటేశ్ బృందపు నమూనాలో ముఖ్యుల అభిప్రాయానికి చోటుంది కదా. విశ్వవిద్యాలయంలో ఆ అభిప్రాయం సాధారణంగా మాటల్లో కాక మౌనంలో వ్యక్తమవుతుంది. విభాగాధిపతి ఏమీ అనకపోతే కొందరు దాన్ని అనుమతిగా తీసుకుంటారు, కొందరు నిషేధంగా తీసుకుంటారు. ఫలితంగా ధైర్యం ఉన్నవారు బాహాటంగా, లేనివారు చాటుగా వాడతారు. ఎవరి అనుభవమూ మరొకరికి చేరదు. ఉద్యోగ భద్రత తక్కువ ఉన్న జూనియర్లే ఎక్కువగా చాటుకు పోవలసి రావడం నన్ను బాధిస్తుంది, ఎందుకంటే బోధనభారం ఎక్కువగా మోసేదీ, సాయం ఎక్కువగా కావలసిందీ వారికే.

మీరు చేస్తున్న రెండు పనులను విడదీసి చూడాలి. ప్రశ్నపత్రం తయారీలో రహస్యం బయటికి పొక్కడం, ప్రశ్నల నాణ్యత అన్నవే సమస్యలు. విద్యార్థుల జవాబులను సాధనంలో పెట్టడం అంతకన్నా చాలా గంభీరమైన విషయం. ఆ రాత విద్యార్థిది, మీది కాదు. పేరు తీసేసినా అందులో వారి జీవిత వివరాలు ఉండవచ్చు, సాధనాన్ని నడిపే సంస్థ దాన్ని ఎంతకాలం దాస్తుందో, దేనికి వాడుతుందో ఒప్పందాన్ని బట్టి మారుతుంది. సొంత ఖాతాలో ఉచితంగా వాడే సాధనానికీ, విశ్వవిద్యాలయం ఒప్పందం చేసుకుని ఇచ్చిన సాధనానికీ ఈ విషయంలో పెద్ద తేడా ఉంటుంది. మొదటిదానిలో విద్యార్థుల రాతలు పెడుతుంటే ఈ రోజే ఆపండి. పరిశోధన నిధుల దరఖాస్తులను సమీక్షించేవారు ఉత్పాదక ఏఐని, అంటే అడిగినదాన్ని బట్టి కొత్త రాతలు సృష్టించే ఏఐని, వాడకూడదని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2023 జూన్‌లో నిషేధించడానికి కారణం కూడా గోప్యతే.

మూల్యాంకనం విషయంలో చట్టాలు కూడా జాగ్రత్త పడుతున్నాయి. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం, విద్యార్థి నేర్చుకున్నదాన్ని మూల్యాంకనం చేయడానికి ఉద్దేశించిన ఏఐ వ్యవస్థలను అధిక ప్రమాదం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఆ చట్టం మీకు వర్తించినా వర్తించకపోయినా, దాని వెనకున్న ఆలోచన అంతటా చెల్లుతుంది: మార్కు వేసేది, దానికి బాధ్యత వహించేది మనిషే కావాలి. వ్యాఖ్య ముసాయిదాను సాధనం రాసినా, జవాబును మీరు పూర్తిగా చదివి ఉండాలి. విద్యార్థికి వ్యాఖ్యలో ఎక్కడైనా సందేహం వస్తే మీరు నోటితో వివరించగలగాలి. అది సాధ్యం కానప్పుడు ఆ వ్యాఖ్య కింద మీ పేరు ఉండకూడదు.

చెప్పడం ఎలా మొదలుపెట్టాలంటే, మీ కోర్సు వివరాల పత్రంలో విద్యార్థులకు ఏఐ గురించి పెట్టిన నియమం పక్కనే, ఈ కోర్సులో నేను ఏఐని ఫలానా పనికి వాడతాను, ఫలానా పనికి వాడను అని రెండు వాక్యాలు రాయండి. దాని ప్రతిని విభాగాధిపతికి పంపి, అభ్యంతరం ఉంటే తెలపమని కోరండి. నియమం లేనిచోట నియమానికి తొలి ముసాయిదా తరచుగా ఇలాగే పుడుతుంది. 2023 సెప్టెంబరులో యునెస్కో విడుదల చేసిన ఉత్పాదక ఏఐ మార్గదర్శకాలు కూడా మానవ కేంద్రిత దృక్పథాన్నీ, వ్యక్తిగత సమాచార రక్షణనూ ముందు నిలిపాయి. సంస్థ పెద్దలతో మాట్లాడేటప్పుడు అది మీకు ఆసరాగా ఉంటుంది.

ప్రశ్న: ఏఐ రాతను పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఇస్తే అధ్యాపకుల ఆందోళన తగ్గి, ఏఐని స్వీకరిస్తారు కదా? – ఒక పరీక్షల విభాగం అధికారి

జవాబు: తగ్గదు, పైగా పెరుగుతుంది. చాట్‌జీపీటీని రూపొందించిన ఓపెన్ఏఐ 2023 జనవరిలో విడుదల చేసిన గుర్తింపు సాధనం ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే పట్టుకోగలిగింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాతగా పొరబడింది. కచ్చితత్వం తక్కువగా ఉందంటూ ఆ సంస్థే జులైలో దాన్ని ఉపసంహరించుకుంది. అదే సంవత్సరం వెలువడిన ఒక అధ్యయనంలో ఏడు గుర్తింపు సాధనాలను పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష కోసం రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాతలుగా ముద్ర పడ్డాయి. పరిమిత పదజాలంతో, సరళమైన వాక్యాలతో రాసేవారే ఇందులో నష్టపోతారు. తప్పుడు ఆరోపణ చేయవలసి వస్తుందన్న దిగులు ఉన్న అధ్యాపకుడు సాధనంతో ప్రయోగాలకు ముందుకు రాడు.

ప్రశ్న: అధ్యాపకులు ఏఐని స్వీకరించడంపై పీహెచ్‌డీ చేస్తున్నాను. అంగీకార నమూనా (కొత్త సాంకేతికతను మనుషులు ఎందుకు స్వీకరిస్తారో వివరించే నమూనా) ఆధారంగా ప్రశ్నావళి పంపి, గణాంక విశ్లేషణ చేయాలనుకుంటున్నాను. ఇటువంటి అధ్యయనాలు ఇప్పటికే చాలా ఉన్నాయని మా పర్యవేక్షకులు అంటున్నారు. – ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: మీ పర్యవేక్షకుల మాట నిజం. ప్రయోజనంపై నమ్మకం ఉన్నవారికి వాడాలన్న ఉద్దేశం ఎక్కువగా ఉందని మరోసారి నిరూపిస్తే జ్ఞానానికి చేరేది కొంచెమే. ఈ పద్ధతిలో ఉన్న లోటుపాట్లలోనే మీకు మంచి పరిశోధన సమస్య దొరుకుతుంది.

మొదటి లోటు, ఉద్దేశానికీ చేతకూ ఉన్న దూరం. 2003 నాటి ఉమ్మడి నమూనా ఉద్దేశంలోని వైవిధ్యంలో, అంటే మనిషికీ మనిషికీ కనిపించే తేడాల్లో, దాదాపు 70 శాతాన్ని వివరించగలిగింది. ఉద్దేశం నుంచి చేతకు వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. ఆరోగ్యం మొదలైన అనేక రంగాల విశ్లేషణలను క్రోడీకరించిన పాస్కల్ షీరన్ 2002లో, ఉద్దేశాలు ప్రవర్తనలోని వైవిధ్యంలో సగటున 28 శాతాన్నే వివరిస్తాయని చూపించాడు. ఉద్దేశాన్నీ, దాని కారణాలనూ ఒకే వ్యక్తిని, ఒకే రోజు, ఒకే ప్రశ్నావళిలో అడిగితే వాటి మధ్య సంబంధం ఉన్నదానికన్నా బలంగా కనబడే ప్రమాదమూ ఉంది. కాబట్టి సెమిస్టరు మొదట్లో ఉద్దేశాన్ని అడిగి, చివర్లో ఆ అధ్యాపకుడి పాఠ్యసామగ్రిలో, అసైన్‌మెంట్లలో ఏం మారిందో చూడండి. అనుమతి తీసుకుని వాడుక వివరాలను సేకరించగలిగితే మరీ మంచిది.

రెండోది, ప్రశ్నావళుల్లో సాధారణంగా ఏఐ అన్న ఒకే మాట ఉంటుంది. ఉపన్యాసం సిద్ధం చేసుకోవడం, పరిశోధన పత్రంలో భాష సవరించుకోవడం, సమాచారాన్ని విశ్లేషించడం, మార్కులు వేయడం వేర్వేరు పనులు. ఒకదానికి ఉత్సాహంగా వాడే అధ్యాపకుడే మరొకదానికి గట్టిగా వద్దంటాడు. అతడి సగటు మార్కు మధ్యలో ఎక్కడో పడి, అతడికి ఏ అభిప్రాయమూ లేనట్టు కనిపిస్తుంది. ప్రశ్నలను పనివారీగా విడగొట్టండి.

మూడోది, అంగీకార నమూనాలు మొదట కార్యాలయాల్లోని సాఫ్ట్‌వేర్ కోసం పుట్టినవి. వాటిలో సాధనం ఏం చేస్తుందో ముందే తెలుసు. అదే ప్రశ్నకు రేపు వేరే జవాబు ఇవ్వదు, సహోద్యోగి రాతను అనుకరించదు, విద్యార్థి పనిని తాను చేసిపెట్టదు. నైతిక ఆందోళన, వృత్తిపరమైన గుర్తింపు, విద్యార్థితో సంబంధం వంటివి ఆ నమూనాలో ఇమడవు. నమూనాకు వాటిని అదనపు చలరాశులుగా అతికించడం కన్నా, ముందుగా పదిహేను ఇరవైమంది అధ్యాపకులతో తీరిగ్గా మాట్లాడి, వారి మాటల్లోంచి ప్రశ్నలు తయారుచేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. వాడటం మానేసినవారిని కూడా తప్పక కలవండి. ఒకసారి స్వీకరించి తరవాత వదిలేసినవారి గురించిన అధ్యయనం మీ పీహెచ్‌డీకి ప్రాణం కావచ్చు.

ప్రశ్న: ఏఐ వాడటంలో విద్యార్థులు నాకన్నా చాలా ముందున్నారు. తరగతిలో దాన్ని ప్రస్తావిస్తే నా అజ్ఞానం బయటపడుతుందని సంకోచిస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? – అర్థశాస్త్ర అధ్యాపకురాలు

జవాబు: ఒక పనిని నేను చేయగలనన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో ఆల్బర్ట్ బండూరా 1977లోనే వివరించాడు. స్వయంగా చేసి గెలిచిన అనుభవం అన్నిటికన్నా బలమైనది. తనలాంటివారు చేయగా చూడటం, ఇతరుల ప్రోత్సాహం, ఆ సమయంలో ఒత్తిడి లేకపోవడం ఆ తరవాతివి. ఉపన్యాసం వినడం ద్వారా వచ్చే ధైర్యం చాలా తక్కువ. కాబట్టి మీరు తరగతి గదిలో కాదు, మీ గదిలో, మీకు బాగా తెలిసిన అంశంతో మొదలుపెట్టండి. డిమాండు వ్యాకోచత్వంపై, అంటే ధర మారితే డిమాండు ఎంత మారుతుందన్న అంశంపై, మీరు ఏళ్ల తరబడి దిద్దిన ప్రశ్ననే సాధనాన్ని అడిగి, వచ్చిన జవాబును విద్యార్థి పత్రాన్ని దిద్దినట్టే ఎర్ర కలంతో దిద్దండి.

అప్పుడు మీకొక సంగతి తెలుస్తుంది. విద్యార్థులు ముందున్నది సాధనాన్ని నడపడంలో. వచ్చిన జవాబులో ఏది లోతైనది, ఏది పైపైది, ఏ ఊహ చెప్పకుండా వదిలేసింది అని గుర్తించేది విషయజ్ఞానం. పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో చెప్పినట్టు, విషయం తెలియడం, దాన్ని బోధించడం తెలియడం, సాంకేతికత తెలియడం మూడూ కలిసినప్పుడే సాంకేతికతతో బోధన కుదురుతుంది. మీ దగ్గర మొదటి రెండూ దండిగా ఉన్నాయి. 2024లో యునెస్కో ఉపాధ్యాయుల కోసం రూపొందించిన ఏఐ సామర్థ్యాల చట్రం కూడా ఐదు అంశాల్లో పదిహేను సామర్థ్యాలను చెబుతూ, వాటిని సమకూర్చుకోవడం, లోతు పెంచుకోవడం, సృజించడం అనే మూడు మెట్లుగా అమర్చింది. మొదటి మెట్టులో ఉండటానికి సిగ్గుపడనక్కరలేదు.

మీరు ఎర్ర కలంతో దిద్దిన ఆ పత్రాన్నే తరగతికి తీసుకువెళ్లండి. సాధనం ఇచ్చిన జవాబును దిద్దుబాట్లు లేకుండా ముందు విద్యార్థులకు పంచి, వారిచేత మార్కులు వేయించి, ఆ తరవాత మీ దిద్దుబాట్లు చూపండి. ఎక్కడ వారికీ మీకూ మార్కుల్లో తేడా వచ్చిందో, ఆ చోటు నుంచి పాఠం మొదలుపెట్టవచ్చు.